ముందు తంబాకు, తరువాత మనిషి

వాగు పొంగితే ఎవరు ఎవరిని బయటికి తీసుకురావాలో మా గల్లీలో ముందే పంచుకున్నాం. తమంతట తాము నడవలేని వాళ్ళు ఏడుగురు తేలారు. ఒక్కొక్కరికి కాళ్ళు గట్టిగా ఉన్న ఒక మనిషిని జత చేశాం. నా జత ఆపా. ఆమెను వేరే వాళ్ళకు అప్పగిస్తే నేను ఊరుకోనని తెలుసు కాబట్టి ఎవరూ అడగనైనా అడగలేదు.

నిరుడు వానాకాలంలో వాగు పొంగింది. ఏడుగురిలో ఆరుగురు క్షేమంగా బడి మేడ మీదికి చేరారు.

ఆపాది సాయిబుల ఇల్లు, మాది సాలోళ్ళ ఇల్లు. రెండిళ్ళకూ నడుమ గోడ ఒకటే. ఆమె నాకంటే మూడేళ్ళు పెద్దది, అందుకే వాళ్ళ మాటలో అక్క అన్నట్టు ఆపా అని పిలిచేదాన్ని. నేను కోరుట్లకు కోడలుగా వచ్చిన ఏడాది నాకు బీడీలు చుట్టడం నేర్పింది ఆమే. నా వేళ్ళు మొద్దువి. తునికాకు చినిగిపోయేది, బీడీ మూతి మడత పడేది కాదు. నేను ఏడిస్తే ఆమె నవ్వేది. "ఆకును గుంజకు చెల్లె. బుజ్జగించు" అనేది. అప్పటి నుంచి నలభై ఏళ్ళకు పైగా ఒకటే అరుగు మీద ఎదురుబొదురు కూర్చుని చుట్టాం. ఒడిలో చాట, చాటలో బీడీల్లో నింపే తంబాకు. ఆమె భర్త పోయినప్పుడూ చుట్టాం, నా భర్త పోయినప్పుడూ చుట్టాం. ఆమె ఒక్కగానొక్క బిడ్డను మల్లాపూర్‌కు ఇచ్చి పెళ్ళి చేసింది. ఆ తరువాత ఒక్కతే ఉండేది. అన్నేళ్ళు కాళ్ళు మడుచుకుని కూర్చుంటే మోకాళ్ళు ఏం మిగులుతాయి? గోడ పట్టుకుని లేచేది, గోడ పట్టుకుని నడిచేది. గోడ లేని చోట నా భుజం పట్టుకునేది.

వరద గురించి మాకు ముందుచూపు వచ్చింది సిరిసిల్ల నుంచి. అంతకు ముందటి ఏడు అక్కడ నా పెద్దబిడ్డ ఇంట్లోకి చెరువు నీళ్ళు వచ్చాయి. వాళ్ళకు మరమగ్గాల షెడ్డు ఉంది. నేను పోయేసరికి నీళ్ళు దిగిపోయి బురద మిగిలింది. మోటార్లలో బురద, నూలు చుట్టిన బీములలో బురద. తల్లీబిడ్డలం కూర్చుని మూడు రోజులు నూలు కడిగాం. ఎండబెడితే ఎండింది గానీ మగ్గం ఎక్కించాక పోగు పోగుకు తెగింది. పారేయడానికి నాకు చేతులు రాలేదు. ఆ నూలును తాళ్ళు పేని ఇంటికి తెచ్చుకున్నాను.

తాళ్ళు పేనుతుంటే నా బిడ్డ అన్నది: "నీళ్ళు గడప కాడికి అచ్చేదాంక ఏం జెయ్యాల్నో ఒక్కలకు తెల్వలేదమ్మా. ఒకలు మగ్గం పట్టుకున్నరు, ఒకలు బియ్యం పట్టుకున్నరు. పక్కింటి ముసలామె మంచంల ఉన్నదన్న సోయి ఎవ్వలకు లేదు. ఆఖరికి కిటికీ ఊడగొట్టి తీసిండ్రు."

ఆ మాట నా చెవిలోనే ఉండిపోయింది. కోరుట్లకు తిరిగి వస్తూ బస్సు కిటికీలోంచి మా వాగును చూశాను. మా అత్త ఉన్నప్పుడు వాగుకూ ఇళ్ళకూ నడుమ మక్క చేను ఉండేది. ఇప్పుడు మా ఇంటి వెనక గోడే వాగు గట్టు. వానల తీరు కూడా మారింది. అప్పట్లో ముసురు పట్టిందంటే వారం రోజులు సన్నగా పడేది, భూమి తాగేది. ఇప్పుడు నెలంతా ఎండ కొట్టి, పెట్టిన పత్తి గింజలు మాడిపోయి, ఒక్కనాడు మొత్తం కుమ్మరిస్తుంది.

అంగన్‌వాడీ టీచర్‌తో మాట్లాడాను. ఆమె ముందే అనుకుంటున్నదట, మాట కలిపే మనిషి కోసం చూస్తున్నదట. గల్లీ ఆడవాళ్ళను అందరినీ పిలిచాం. కల్వర్టు గోడకు ఎర్ర రంగుతో గీత గీయించాం. నీళ్ళు ఆ గీతను ముట్టగానే ఈల ఊదాలి. ఈల ఊదే పని గల్లీ చివర ఉండే టైలర్‌కు ఇచ్చాం. ఆయన మిద్దె మీద నుంచి వాగు కనబడుతుంది. ఈల వినగానే అందరూ బడి మేడ మీదికి పోవాలి. కాగితాలు పెట్టుకోవడానికి కొత్త సంచులు కొందామని ఒకామె అంటే నేను ఒప్పుకోలేదు. బియ్యం సంచులు కత్తిరించి, లోపల పాల కవర్లు పరిచి, అందరికీ కుట్టి ఇచ్చాను. ఆధార్ కార్డు, బీడీ కార్డు, పట్టా కాగితం అందులో పెట్టి తలుపు పక్కన మేకుకు తగిలించాలి. వారానికి ఒకసారి ఇల్లిల్లూ తిరిగి చూసేదాన్ని. మేకుకు సంచి లేకపోతే తిట్టేదాన్ని.

ఆపా నవ్వేది. "నిన్ను సర్కారోళ్ళు జూడలే చెల్లె. చూస్తే కలెక్టర్‌ను ఇంటికి తోలి నిన్ను కూసోబెడుదురు."

"నవ్వినంత సేపు పట్టది నీళ్ళు రానీకి. నీ సంచి ఏది?" అనేదాన్ని.

"నా సంచి నువ్వే గదనే" అనేది.

ఇక అసలు మాట చెప్పాలి. ఆ కూటంలో టీచర్ ఒక వరుస చెప్పింది. ఈల వినగానే కరెంటు మెయిన్ తీయాలి, సంచి తీసుకోవాలి, జత మనిషి దగ్గరికి పోవాలి, బయలుదేరాలి. వేరే ఏ సామానూ ముట్టొద్దు.

నేను లేచి అడ్డం పడ్డాను. "మరి ఆకు? తంబాకు?"

"అవ్వా, పాణం కన్న ఆకు ఎక్కువనా?"

"పాణం మాది బిడ్డా, పోతే మాది పోతది. తంబాకు మాది కాదు. బీడీ కార్ఖానా మమ్ముల నమ్మి ఇచ్చిన సొమ్ము. మా ఇంట్ల ఉన్నంత సేపు దానికి పూచీ మేమే. ఆకు తడిస్తె ఆరబెట్టుకుంటం. తంబాకు తడిస్తె బుగ్గి. రేపు ఏ మొఖం పెట్టుకోని కార్ఖానా మెట్లెక్కాలె?"

ఆడవాళ్ళందరూ తలలూపారు. బీడీలు చుట్టే ఇంట్లో పుట్టిన ఎవరికైనా ఆ మాట వేరేగా చెప్పనక్కరలేదు. చిన్నప్పటి నుంచి మాకు నేర్పే మొదటి సంగతి అదే. వాన చినుకు పడితే పిల్లల కంటే ముందు చాట లోపలికి పోవాలి. టీచర్‌ది వేరే ఊరు, టీచర్ల ఇల్లు. ఆమెకు తెలియదని అనుకున్నాం.

"ఎంత సేపు పడుతది? చాట ఎత్తి సజ్జ మీద పెట్టుడే గద" అన్నాను. సజ్జ అంటే తలకు పైన గోడలోంచి వచ్చిన సిమెంటు అర. ప్రతి ఇంట్లో ఉంటుంది.

వరుస నేను చెప్పినట్టే ఖాయమైంది. ముందు తంబాకు, తరువాత మెయిన్, తరువాత సంచి, తరువాత జత మనిషి. రెండుసార్లు ఈల ఊది నేర్చుకున్నాం కూడా. ఆ రెండుసార్లూ ఆపా చాటను నేనే ఎత్తి సజ్జ మీద పెట్టాను. నేను పెట్టాను కాబట్టి అది ఆమెకు ఎంత ఎత్తులో ఉంటుందో నేను చూడలేదు.

నిరుడు రెండు రోజులు ఎడతెగకుండా వాన కొట్టింది. మూడో రోజు పొద్దున చాయ తాగుతుంటే నా తమ్ముని కొడుకు కథలాపూర్ దిక్కు నుంచి ఫోన్ చేశాడు.

"అత్తా, మా చెరువు మత్తడి దుంకుతుంది. కట్ట మీద మట్టి జారుతుంది. మీ దిక్కే అస్తయి నీళ్ళు. జల్ది లేవుండ్రి."

నేను టైలర్‌కు చెప్పాను. ఆయన మిద్దె ఎక్కేసరికే నీళ్ళు ఎర్ర గీత దాటాయి. ఈల వినబడింది.

కార్ఖానా వాళ్ళు ముందురోజే వారానికి సరిపోయే సరుకు పంచారు. మామూలుగా అయితే ఒక చాట. ఆ రోజు ప్రతి ఇంట్లో చాటతో పాటు పెద్ద పొట్లం ఉంది. నా కొడుకు పిల్లల్ని ఎత్తుకున్నాడు, కోడలు సంచి పట్టుకుంది. వాళ్ళను ముందు పంపించాను. తంబాకు సజ్జ మీద పెట్టాను. ఆకు కట్టలు పెట్టాను. పెట్టాక పక్కన కొంచెం జాగా మిగిలింది. బియ్యం డబ్బా కూడా పట్టేటట్టు ఉంది. పెట్టాను. పప్పు డబ్బా పెట్టాను. ఎండుమిరపకాయల మూట పెట్టాను. ఇది నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. వరుసలో లేని పనులు అవి.

మెయిన్ తీసి బయటికి వచ్చేసరికి గల్లీలో పిక్కల దాకా నీళ్ళు. ఆపా తలుపు దగ్గరికి వేసి ఉంది. పిలిచాను. పలికింది గానీ గొంతు నేల మీద నుంచి వచ్చింది.

ఆమె కింద పడి ఉంది. పక్కన స్టూలు బోర్లా పడింది. నీళ్ళు అప్పుడే గడప దాటి ఆమె చీర కొంగును ముట్టాయి. నేను వస్తానని తెలుసు. నేను వచ్చేసరికి తన పని తాను చేసి ఉంచాలనుకుంది. స్టూలు ఎక్కింది. చాట పెట్టింది, దిగింది. పొట్లం పట్టుకుని మళ్ళీ ఎక్కింది. అదీ పెట్టింది. దిగేటప్పుడు మోకాలు మొరాయించింది.

నేను తలుపులో నిలబడి ఉంటే ఆమె నా మొఖం చూసి చెప్పిన మొదటి మాట, "పెట్టిన చెల్లె. మొత్తం పెట్టిన. ఒక్క రవ్వ తడవలే."

లేపబోతే కేక వేసింది. ఆమె కేక వేయడం నేను అంతకు ముందు ఒక్క కాన్పులోనే విన్నాను. నా బలం చాలలేదు. బయటికి వచ్చి అరిచాను. నా కొడుకూ టైలరూ వెనక్కి పరుగెత్తుకొచ్చారు. నులక మంచం మీద పడుకోబెట్టి, నా బిడ్డ ఇంటి నూలుతో పేనిన తాళ్ళతో మంచానికి కట్టి, నడుము లోతు నీళ్ళలో బడి దాకా మోశారు. తొందరగా బయలుదేరి ఉంటే పిక్కల లోతు. ఆమె నా భుజం పట్టుకుని నడిచి వచ్చేది.

బడి మేడ మీద పగలంతా తడి బట్టలతోనే ఉంది. ఆడవాళ్ళందరూ చుట్టూ కూర్చున్నారు. నొప్పిలో కూడా ఆమె నోరు ఊరుకోలేదు.

"ఎన్నడన్న గిట్ల మంచం మీద ఊరేగిన్నా చెల్లె? నా నిఖాకు సుత రిక్షానే."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఎందుకు ఆగలేదని ఆమెను కోప్పడ్డాను కూడా. "నేను అస్త గద. జర ఆగరాదా?"

"నువ్వు చెప్పిన వరుసనే గదనే. తంబాకు ముందు అన్నవ్."

మరునాడు తొవ్వ తేలాక ట్రాక్టర్ మీద రోడ్డు దాకా, అక్కడి నుంచి అంబులెన్సులో జగిత్యాల పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. తుంటి ఎముక విరిగింది అన్నారు. ఆపరేషన్ చేయాలంటే ఊపిరితిత్తులు బాగుండాలట. నలభై ఏళ్ళు తంబాకు దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు, దాని మీద ఒక రోజంతా తడి. రెండో రోజుకే దగ్గు, జ్వరం. మల్లాపూర్ నుంచి బిడ్డ వచ్చింది. మేమిద్దరం వంతులు వేసుకుని కూర్చున్నాం.

ఆపాకు ఒకటే ధ్యాస. "తంబాకు కార్ఖానల అప్పజెప్పినవా? ఇంట్ల ఉంటె చెమ్మ పట్టుతది."

ఆమె మాట తీసేయలేక ఒక రోజు కోరుట్లకు వచ్చాను. ఆమె సజ్జ మీద నుంచి చాట, పొట్లం దించాను. నిజమే, ఒక్క రవ్వ తడవలేదు. కార్ఖానాకు పట్టుకుపోయాను. అక్కడ సరుకు చూసుకునే పెద్దమనిషి మమ్మల్ని ఎన్నో ఏళ్ళుగా ఎరుగును. ఆయన చాటలోకి చూసి, నా దిక్కు చూశాడు.

"గిదెందుకు మోసుకొచ్చినవ్ అవ్వా? వాగు పక్క గల్లీలది మొత్తం తడిసినట్టే రాసేసినం. నీళ్ళల్ల పోయినదాన్ని ఎవలు అడుగుతరు?"

"మొత్తమా?"

"మొత్తం. ఎవల ఇంట్ల తడిసింది ఎవల ఇంట్ల తడవలేదని ఇల్లిల్లు తిరుగుతమా? ఒక్క కాగితం మీద కొట్టేసిండ్రు."

నేను ఆ మెట్ల మీదే కూర్చున్నాను. ఆయన నీళ్ళు తెప్పించాడు.

తిరిగి జగిత్యాలకు పోయేసరికి ఆపా మూతికి ఆక్సిజన్ పెట్టారు. కళ్ళతోనే అడిగింది. నేను జన్మలో ఆమెకు చెప్పిన అబద్ధాలు ఎక్కువ లేవు.

"అప్పజెప్పిన ఆపా. ఆయన చేతుల పోసి చూసుకున్నడు. శాబాష్ అన్నడు. గీ గల్లీల నీ అసొంటి మనిషి లేదన్నడు."

ఆమె కళ్ళు మూసుకుని తల ఊపింది. మూడో నాడు పోయింది.

ఆమెను కోరుట్లకే తెచ్చారు. వాగు బురద ఇంకా గల్లీలోనే ఉంది. ఆడవాళ్ళం ఇంటి ముందు ఇటుకలు పరిచి తొవ్వ చేశాం. చివరి స్నానం చేయించడానికి వచ్చిన వాళ్ళలో ఒకామె ఆపా కుడిచేతి గోళ్ళ కింద నల్లగా ఉన్న తంబాకు పోవడం లేదని సబ్బు పెట్టి రుద్దుతుంటే, ఆపా బిడ్డ, "ఉండనీ ఖాలా" అన్నది. ఆ మాట తలుపు అవతల నిలబడ్డ నాకు వినబడింది.

అందరూ పోయాక ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి కూర్చుంది. ఏదైనా అంటే బాగుండును అనిపించింది. తిడితే పడదామనుకున్నాను.

"పిన్నమ్మా, మా అమ్మ మా నాయిన మాటన్న దాటింది గని నీ మాట ఎన్నడు దాటలే. నువ్వు లేకుంటె మా అమ్మ ఎప్పుడో ఆగమవుతుండె" అన్నది.

ఆమె చేయి నా చేతిలోనే ఉంది. అప్పుడు చెప్పాల్సింది. నేను చెప్పలేదు.

ఆ తరువాత నేను అరుగు మీద కూర్చోవడం మానేశాను. లోపలే చుట్టుకుంటున్నాను. గల్లీలో ఇల్లిల్లూ తిరిగి సంచులు చూడటం కూడా మానేశాను. టీచర్ రెండుసార్లు వచ్చి పిలిచింది. మోకాళ్ళ నొప్పి అని చెప్పాను. అదీ అబద్ధమే.

ఈ ఏడు వానలకు ముందు మళ్ళీ కూటం పెట్టారు. కోడలు చెప్పీ చెప్పీ నన్ను తీసుకుపోయింది. వెనక కూర్చున్నాను. టీచర్ తన పాత వరుసే మళ్ళీ చెప్పింది. సామాను ఏదీ ముట్టొద్దు, ముందు మనిషి. నా దిక్కు చూడకుండా చెప్పింది. నన్ను నొప్పించకూడదని. తరువాత అందరినీ ఇళ్ళకు పంపి, నేర్చుకోవడానికని టైలర్‌తో ఈల ఊదించింది.

అందరూ బయటికి వచ్చారు. లెక్క చూసుకుంటే ఒకరు తక్కువ. మొన్న మాఘమాసంలో పెళ్ళై వచ్చిన కొత్త కోడలు. నాలుగో నెల కడుపుతో ఉంది. అందరమూ ఎండలో నిలబడి చూస్తుంటే నిదానంగా కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఎందుకు లేటయింది?" అని టీచర్ అడిగింది.

"తంబాకు సజ్జ మీద పెట్టచ్చిన మేడం."

"ముట్టద్దని ఇప్పుడే చెప్పిన గద."

ఆ పిల్ల కొంచెం బెదిరింది. అత్త దిక్కు చూసింది. "మా అత్తమ్మ చెప్పింది. అవ్వ పెట్టిన వరుస గిదే అన్నది. ఆపా సుత గట్లనే చేసిందట. పాణం పోయినా సరే గని పరాయి సొమ్ము తడవనియ్యలేదట. అసొంటి మనిషిని చూసి నేర్చుకోవాలె అన్నది."

ఎవరూ కాదనలేదు. ఒకరిద్దరు ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు కూడా. అప్పుడు తెలిసింది నాకు, గల్లీలో ఆపా చావును ఎట్లా చెప్పుకుంటున్నారో. ఇన్నాళ్ళూ నేను లోపల తలుపు వేసుకుని కూర్చుంటే బయట అది మంచి మనిషి కథ అయి కూర్చుంది. ఎవరింట్లో కోడలు వస్తే ఆ కోడలికి చెబుతున్నారు. ఈ పిల్ల స్టూలు ఎక్కింది. కడుపులో బిడ్డతో.

లేచి ముందుకు వచ్చాను.

"స్టూలు ఎక్కినవా?" అని అడిగాను.

"ఎక్కిన అవ్వా."

"ఆపా పరాయి సొమ్ము కోసం పడలే బిడ్డా. నేను చెప్పిన్నని ఎక్కింది, పడ్డది. నేను తప్పు చెప్పిన. గీ టీచరమ్మ గప్పుడే వద్దన్నది, నేను ఇనలే, మిమ్ముల ఇననియ్యలే. ఆమె ఇంటికి నేను పోవాల్సిన టైముకు పోలే. నా బియ్యం, నా మిరుపకాయలు సదురుకుంట నిలవడ్డ."

నా కొడుకు తల వంచుకున్నాడు. ఆ కొత్త కోడలికి మాత్రం తన సందేహం తనదే.

"నిరుడంటే మాఫీ చేసిండ్రట అవ్వా. ఏటేటా చేస్తరా? రేపు కార్ఖానోళ్ళు నన్ను అడిగితే?"

"అడిగితే అందరం కలిసి చుట్టి ఆ బాకీ కడుదం. నీ ఒక్కదాని మీద పడనియ్యం. అయినా ఇనకుంటె నా పేరు చెప్పు. అవ్వ ఇడిసిపెట్టుమన్నది, ఇడిసిపెట్టిన అను."

ఆమె అత్త వచ్చి నా మోచేయి పట్టుకుంది. కూర్చోమన్నది. నేను కూర్చోలేదు. మళ్ళీ ఈల ఊదమని టీచర్‌కు చెప్పాను. అందరూ ఇళ్ళలోకి పోయారు.

ఈల వినబడింది. ఈసారి ఆ పిల్ల ఒక చేతిలో సంచితో, ఒక చేయి కడుపు మీద పెట్టుకుని వెంటనే బయటికి వచ్చింది. నేను ఆమెనే చూస్తున్నాను. ఆమె గల్లీ చివరికి చేరేసరికి మా టైలర్ ఈల ఊదడం ఇంకా ఆపలేదు. అంత కొంచెం సేపు. ఎంత మెల్లగా నడిచినా, గోడ పట్టుకున్నా, నా భుజం పట్టుకున్నా, ఆపా కూడా పిక్కల లోతు నీళ్ళలో అక్కడికి చేరి ఉండేది.